చెంపకు తెలుస్తది

ఎవరైనా నా ఎదుట కూర్చుని గోక్కుంటుంటే నేను ఊరుకోలేను. బస్సులో పక్కసీటువాడైనా సరే, పెళ్ళిలో పెద్దమనిషైనా సరే, నోరు జారుతుంది. "గోకకండి, లోపలికి పోతుంది" అంటాను. కొందరు ఎగాదిగా చూస్తారు. ఒకాయన "మీకేంటండీ బాధ, నా చెయ్యి నా ఇష్టం" అని గట్టిగానే అన్నాడు. నిజమే, ఆయన చెయ్యి ఆయనిష్టం. కానీ ఆ మాట నాది కాదు. అమీర్‌పేటలో ఒక మనిషి దగ్గర నాకు అంటుకున్న జబ్బు అది. ఆ మనిషి కిందటి నెల పోయాడు.

పేరు రాయను. రాస్తే ఆయనే ఒప్పుకోడు. పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు కూడా. ఎదురుగా అందరూ మేస్త్రీ అనేవాళ్ళు, వెనకాల కలెక్టర్ సాబ్ అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, తనిఖీకి వచ్చిన అధికారిలాగా నడిచేవాడు. పలకరిస్తే గడ్డంతోనే సలాం. చెయ్యి చాపితే అందుకునేవాడు కాదు. కొత్తలో నేను చాలా నొచ్చుకున్నాను. పైన ఏసీ గొట్టాలకు దూది చుట్టే మనిషికి ఇంత టెక్కేమిటి అనుకున్నాను. టెక్కు ఎవరిదో నాకు తర్వాత తెలిసింది లెండి.

అప్పటి అమీర్‌పేట చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా నమ్మరు. గోడ కనిపిస్తే కంప్యూటర్ కోర్సు పేరు, స్తంభం కనిపిస్తే కోర్సు పేరు. రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. నేను మా కృష్ణా జిల్లా నుంచి నేర్చుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరక్క, నేర్పేవాడిగా మిగిలిపోయినవాణ్ణి. మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉండేది. పిల్లలు పెరిగినప్పుడల్లా అట్ట గోడ ఒకటి ఇటు జరిగేది, ఒకటి అటు జరిగేది. గోడ జరిగితే పైన ఏసీ గొట్టం జరగాలి, గొట్టం జరిగితే దానికి మళ్ళీ దూది చుట్టాలి. అందుకని ఆయన మా దగ్గర ఏడాది పొడుగునా ఎక్కడో ఒక చోట నిచ్చెన మీద ఉండేవాడు. నేను కింద లూపుల గురించి చెబుతుంటే పైన ఆయన తన పని తాను చేసుకుపోయేవాడు. క్లాసు అయ్యాక దిగి, "మంచిగ చెప్తున్నరు సార్, నాకు సుత నిద్రొచ్చింది" అనేవాడు.

మా కాపురం పంజాగుట్టలో, ఒక నాలుగంతస్తుల మేడ మీద కట్టిన రెండు గదుల్లో. హైదరాబాదులో దాన్ని పెంట్‌హౌస్ అంటారు. పేరుకు అంత సోకు గానీ, పైన రేకులు. ఆ రేకుల కింద వేడి ఆగడానికి మాకు ముందున్నవాళ్ళెవరో అట్టల సీలింగ్ వేయించి, మధ్యలో పసుప్పచ్చ దూదిలాంటిది పరిచి వెళ్ళారు. ఒక ఎండాకాలం అందులో ఎలక చేరింది. అట్టలు రెండు కిందికి వేలాడాయి. మా రమ "మనిషిని పిలవండి" అంది. నేను వింటేనా! దీనికీ మనిషెందుకని లుంగీ ఎగ్గట్టి, బనియను కూడా విప్పేసి, స్టూలెక్కాను. అట్టలు పీకాను, పైనున్న దూదిని రెండు చేతులా లాగి కింద కుప్ప పోశాను, మేకులు కొట్టి అట్టలు బిగించాను. దిగి చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. గంటలో ఒళ్ళంతా దురద మొదలైంది. దుమ్ము అనుకున్నాను.

అసలు కథ అది కాదు. మా పాపకు అప్పుడు ఎనిమిదో నెల. పసిపిల్ల పని ఉందని మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ చింతపండు కట్టిన దారం కూడా చుట్టి దాచే మనిషి. కుప్పగా పడున్న ఆ పసుప్పచ్చ దూదిని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. "ఎవరైనా దూది పారేస్తారా అల్లుడు గారూ?" అని, దాన్ని చక్కగా ఏరి, పాత గలేబులో కూరి, నోరు కుట్టి, పాపకు ముద్దుగా చిన్న దిండు తయారు చేశారు. ఆవిడ చేతులూ దురద పెట్టాయి. పాత దూది కదా, అంతేలే అనుకున్నారు.

మర్నాటి నుంచి పాప ఏడుపు. మెడ వెనక, చెంపల మీద, భుజాల మీద ఎర్రగా పొక్కింది. దిష్టి అని మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేశారు. తగ్గలేదు. చెమటకాయలని డాక్టరు గారు పౌడరు రాశారు. తగ్గలేదు. నలుగు పెడితే పోతుందని వెన్నపూస, సున్నిపిండి పెట్టి వేణ్ణీళ్ళు పోశారు. ఆ రుద్దుడుకు పిల్ల గుక్క తిప్పుకోలేక నీలంగా అయిపోయింది. కింది అంతస్తులో ఉన్నావిడ పైకొచ్చి చూసి, అమ్మవారేమో అని వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. మూడు రోజులు. రమ కళ్ళు వాచిపోయాయి. పిల్లను పడుకోబెడితే చాలు, ఏడుపు. ఎత్తుకుంటే కాస్త నయం. ఎందుకు పడుకోబెడితేనే ఏడుస్తోందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మూడు డిగ్రీలున్న ఇల్లు అది.

నాలుగో రోజు క్లాసుకు వెళ్ళాను. వెళ్ళక తప్పదు. పాఠం చెబుతూనే మోచేతులు గోక్కుంటున్నాను, నెత్తురు చిమ్మేదాకా. నిచ్చెన మీద చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు. చకచకా దిగి వచ్చి, మూడడుగుల దూరంలో ఆగాడు.

"సార్, గోకకుండ్రి. గోకితే లోపటికి పోతది."

"ఏంటి పోయేది?"

"మీకు తెల్వదా? మీరు గ్లాస్‌వూల్ ముట్టిన్రు. ఏడ ముట్టిన్రు?"

ఇంట్లో సీలింగ్ సంగతి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. నా చేతుల సంగతి అడగలేదు. "ఇంట్ల చిన్న పిల్లలున్నరా సార్?" అన్నాడు.

ఉందన్నాను. ఏడుస్తోందన్నాను. అంతే, జేబులోని టార్చి తడుముకుని, "నడువుండ్రి" అన్నాడు. పిల్లలు నలభై మంది చూస్తుండగా పాఠం మధ్యలో వదిలేసి ఆయన వెనకాల నడిచాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆ ట్రాఫిక్‌లో, ఆ ఎండలో, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన ముందు, కరపత్రాలు తోసుకుంటూ నేను వెనక. 

ఇంటికొచ్చాక లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి "పాప ఏడ పంటది?" అని అడిగాడు. పక్క బట్టలన్నీ బయటికి తెమ్మన్నాడు. రమ తెచ్చిన వాటిలో ఆ దిండు చూసి, దాన్ని ఎండకు పట్టి ఒక్క తట్టు తట్టాడు. గాలిలో సన్నటి మెరుపులు లేచాయి. నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"అమ్మా, గీ దిండుల ఏం వెట్టిన్రు?"

"దూదే బాబూ, మంచి పసుప్పచ్చ దూది. మా అల్లుడు పారేయబోతే నేనే..." అని మా అత్తగారు గర్వంగా మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి ఆగిపోయారు.

"గది దూది కాదు పెద్దమ్మా. గాజు. గాజును కరిగించి దారం లెక్క తీస్తరు."

మా అత్తగారు అక్కడే కూలబడిపోయారు. నెత్తి కొట్టుకుంటూ "నా చేతులు పడిపోనూ, నా తల్లికి గాజుపెంకులు పరిచానా" అని ఒకటే ఏడుపు. ఆయన తిట్టలేదు. ఇంకెవరైనా అయితే తిట్టేవాళ్ళే, నేను తిట్టడానికి నోరు తెరిచాను కూడా. ఆయన నా వైపు చూసి గడ్డంతో వద్దన్నాడు. మెట్టు మీద కూర్చుని, ఆవిడ ఏడుపు కాస్త తగ్గాక, "మీ తప్పు లేదు పెద్దమ్మా. దూది లెక్కనే కనపడ్తది. పత్తి పండించిన ఇంట్ల పుట్టినోణ్ణి నేను, మొదటిసారి చూసి దూదే అనుకున్న" అన్నాడు. ఆ చివరి మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు.

తర్వాత చేసిందంతా రమే. ఆయన గుమ్మం బయట నిలబడి చెప్పాడంతే. "సల్లటి నీళ్ళు పైనుంచి పొయ్యి బిడ్డా. రుద్దకు. తుడవకు, అద్దు. వేణ్ణీళ్ళు వద్దు, తోలు తెరుసుకుంటది, ఇంకా లోపటికి పోతది." పెద్దవాళ్ళకైతే ప్లాస్టరు పట్టీ అంటించి, వెంట్రుకలు వాలిన వైపుకే మెల్లగా లాగాలట. పసి తోలుకు పట్టీ పనికిరాదు. గోధుమపిండి మెత్తగా, చపాతీకి కలిపినదానికన్నా జిగటగా కలపమన్నాడు. ఆ ముద్దను అద్ది, ఎత్తి, అద్ది, ఎత్తి, మురికి వైపు లోపలికి మడుస్తూ ఉండాలి. గదిలో వెలుతురు చాలక, టార్చి వెయ్యడానికి ఆయన గడప బయటే ఉండి చెయ్యి మాత్రం బారుగా లోపలికి చాపాడు. ఒళ్ళంతా బయట, టార్చి పట్టిన చెయ్యొక్కటే లోపల. లైటు ఏటవాలుగా వేస్తే ఆ గాజు నూగు మెరుస్తుంది. "అగో, చెవి కింద. అగో, మెడ మడతల. గట్లనే, జర మెల్లగ." గంటన్నర ఆ చెయ్యి అలాగే ఉంది. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. పాప ఏడుపు సన్నగిల్లి, వెక్కిళ్ళయి, రమ ఒళ్ళోనే నిద్రపోయింది. మూడు రోజుల తర్వాత అదే మొదటి నిద్ర. మా ఇంట్లో ఎవరం ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

చీపురుతో ఊడవొద్దనీ, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యాలనీ చెప్పి, దిండును పాలిథీన్ సంచిలో మూటకట్టి ఆయన వెళ్ళబోయాడు. రమ టీ పెట్టి లోపలికి రమ్మంది. "ఈడనే మంచిగున్న బిడ్డా" అని మెట్ల మీదే తాగాడు. నిద్రపోతున్న పాపను చూపిద్దామని రమ గుమ్మం దాకా తీసుకొస్తే, రెండు మెట్లు దిగిపోయాడు. చేతులు మళ్ళీ వెనక్కి వెళ్ళాయి. ఆ రోజు నాకు అర్థమైంది ఆ చేతులు ఎందుకు వెనక్కి ఉంటాయో. ఇన్నాళ్ళూ నేను దాన్ని టెక్కు అనుకున్నందుకు నిజంగా సిగ్గుపడ్డాను.

ఆ తర్వాత ఇద్దరం రోజూ ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్ళం. ఆయన ఎప్పుడూ గోడ వైపు కుర్చీ, తన కాగితం తాను పరుచుకుని మరీ కూర్చునేవాడు. మిగతావాళ్ళు జేబులో బీడీకట్ట పెట్టుకున్నట్టు ఆయన టార్చీ, ప్లాస్టరు చుట్టా పెట్టుకునేవాడు. గొట్టం కింద కూర్చున్న పిల్లల మెడల మీద నూగు పడితే ఆయనకు ఎక్కడి నుంచైనా తెలిసేది. ఒక కుర్రాడు ఇంటర్వ్యూకు టై కట్టుకుని వచ్చి మెడ పీక్కుంటుంటే, పిలిచి, టై విప్పించి, కాలరు కింద పట్టీ వేసి లాగి, "ఇగ పో. గోకుడుతోని ఏ పంచాది తెగలే" అని పంపించాడు. ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. గోకుడుతో ఏ తగువూ తీరదన్న ఆ మాట మాత్రం మా స్టాఫ్ రూములో సామెతైపోయింది. నేనూ రమా పోట్లాడుకుంటే మా అత్తగారు కూడా అదే మాట అనేవారు, తెనాలి యాసలో.

ఒక రోజు చాయ్ దగ్గర, మా పాప అడుగులేస్తోందని చెబుతుంటే ఆయన ఉన్నట్టుండి తన కూతురి సంగతి ఎత్తాడు. ఈ పనిలో చేరిన మొదటి వారం, బేగంపేటలో ఎక్కడో ఆఫీసు గొట్టాలకు చుట్టగా మిగిలిన తుంటలు పారేస్తుంటే ఆయనా ఏరి తెచ్చుకున్నాడట. కూతురికి అప్పుడు ఏడాది. దిండు కుట్టించాడట.

"పిల్ల కండ్లు తెరవలే సార్. నెల దినాలు. ఒక కన్ను పోతదన్నరు. దేవుని దయ, పోలే. గా దినం సంది నేను ఆమెను ఎత్తుకోలే."

"అదేంటి మేస్త్రీ, చేతులు కడుక్కుంటే సరిపోతుంది కదా?"

"ఎంత కడిగినా ఉంటయి. కనపడే ముల్లు మంచిది సార్. కనపడనిదే సతాయిస్తది."

మరీ అతి అనిపిస్తుంది మీకు. నాకూ అనిపించింది, అన్నాను కూడా. ఆయన నవ్వాడు. యూసుఫ్‌గూడలో వాళ్ళింటి ముందు నల్లా దగ్గర అరగంట కడుక్కుని, బట్టలు బయటే మార్చుకుని గానీ ఇంట్లోకి వెళ్ళడట. అయినా కూతురిని ముట్టుకోలేదు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూతురి చెయ్యి పట్టుకోవాల్సి వస్తే, తన చేతికి దస్తీ, అదే చేతిరుమాలు, చుట్టుకుని పట్టుకున్నాడట. "మంది నవ్విన్రు సార్. నా బిడ్డ నవ్వలే" అన్నాడు. చాయ్ చల్లారిపోయింది. ఇంకోటి చెప్పాను.

ఏడాది తిరిగింది. కొన్నాళ్ళుగా నిచ్చెన ఖాళీగా ఉండటం చూసి, ఎక్కడో పెద్ద పని దొరికిందేమో అనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున్నే మా మెట్ల మీద ఆయన. కొత్త అంగీ, ఇస్త్రీ మడత కూడా విప్పనిది. చేతులు ముందుకు పట్టుకుని, తడి ఆరని రంగు వేసుకున్నవాడిలాగా దూరంగా ఉంచుకున్నాడు.

"నా బిడ్డకు బిడ్డ పుట్టింది సార్. రేపు ఇర్వై ఒకటో దినం, తొట్లెల ఎయ్యాలె."

శుభం అన్నాను. ఆయన కదల్లేదు.

"నా బిడ్డ ఒకటే మాటన్నది. నన్నైతే ఎత్తుకోలే నాయినా, నా బిడ్డనన్న ఎత్తుకుంటవా, గామెకు సుత దస్తీ సుట్టుకుంటవా అని. పుట్టిన దినం సంది పనికి పోలే నేను. దినాం కడుగుతున్న. పట్టీ ఏస్తున్న. కానీ నా కండ్లకు దగ్గరిది ఆనుతలేదు. మీరు జర చూడాలె."

ఇన్నేళ్ళు అందరి ఒంటి మీద నూగు వెతికిన మనిషికి తన చేతి మీదది కనిపించడం లేదు.  రమ చాప వేసింది. మొదటిసారి ఆయన మా గడప దాటి లోపలికి వచ్చాడు. రమ టార్చి తీసుకుని, గోళ్ళ సందులు, వేళ్ళ మధ్య, మణికట్టు, మోచెయ్యి, మెడ, ఏటవాలుగా లైటు వేసి చూసింది. ఆ అరచేతులు కాయలు కాసి, పగిలి, గట్టిపడి ఉన్నాయి. రెండు మూడు చోట్ల అనుమానం వచ్చి పట్టీ వేసి లాగింది. చివరికి "ఏమీ లేవు బాబాయి గారూ, శుభ్రంగా ఉన్నాయి" అంది.

"కండ్లకు కనపడకున్నా ఉంటయి బిడ్డా. చెంపకు తెలుస్తది."

ముందు మాకు అర్థం కాలేదు. పసిపిల్లను ఎత్తుకుంటే ఆ పిల్ల చెంప ఆనేది మోచేతి దగ్గర. అక్కడ ఎవరిదైనా చెంప ఆనించి కాసేపు ఉంటే, నూగు ఉన్నదీ లేనిదీ తేలిపోతుందట. రమ నా వైపు చూసింది. మా అత్తగారూ నా వైపే చూశారు. నడుస్తూ వచ్చిన మా పాప కూడా ఎందుకో నా వైపే చూసింది.

"నేనా?" అన్నాను.

"మీ గడ్డంతో ఏం తెలుస్తుంది? ముందు వెళ్ళి గీసుకు రండి" అని రమ తరిమింది. ఆదివారం పూట నేను గడ్డం గీసుకోను. అది నా వ్రతం. ఆ వేళ రెండుసార్లు గీసుకున్నాను.

చాప మీద ఆయన బాసింపట్టు వేసుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చేతులు పెట్టాడు. నేను పక్కన ఒరిగి, ఆ మోచేతి మడతలో చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ మగవాణ్ణి, కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. "కదలకండి అల్లుడు గారూ" అని మా అత్తగారి హెచ్చరిక ఒకటి. ఆయన చర్మం చల్లగా, సబ్బు వాసనగా ఉంది. లోపల నాడి గబగబా కొట్టుకుంటోంది. పరీక్ష రాసే పిల్లాడు కూడా అంత భయపడడు.

కాసేపటికి చెవి దగ్గర చురుక్కుమంది.

చెప్పనా వద్దా? ఆ ఒక్క క్షణం నేను నిజంగా తన్నుకులాడాను. లేదంటే ఆయన రేపు హాయిగా మనవరాలిని ఎత్తుకుంటాడు. ఒక్క నూగుకు ఏమవుతుంది? కానీ మా పాప మూడు రోజుల ఏడుపు గుర్తొచ్చింది. "ఏదో గుచ్చుకుంది మేస్త్రీ" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. చేతులు అప్పటికప్పుడే వెనక్కి వెళ్ళబోయాయి. "ఆగండి, ఆగండి" అని రమ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని టార్చి వేసింది. చేతి మీద ఏమీ లేదు. మడిచిన అంగీ చెయ్యి విప్పి చూస్తే, అందులో గుండుసూది. కొత్త అంగీ మడతలో దుకాణంవాళ్ళు పెట్టింది, తియ్యడం మర్చిపోయాడు. మేమందరం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ సూదిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గిది పిల్లకు గుచ్చుకుంటే?" అన్నాడు.

అప్పుడు మా అత్తగారు లేచారు. బీరువా తీసి, నా తెల్ల మల్లు చొక్కా ఒకటి తెచ్చారు. ఉతికి ఉతికి వెన్నలాగా మెత్తబడ్డది, నాకు ప్రాణంతో సమానమైనది. నన్ను ఒక్క మాట అడగలేదు. "పసిబిడ్డల దగ్గర కొత్త బట్టేంటి బాబూ, పాతదే మంచిది. ఇది వేసుకో. ఈసారి నేను బాగా చూసే ఇస్తున్నా" అన్నారు. ఆ దిండు సంగతి ఆవిడ మనసులోంచి పోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన అంగీ మార్చుకున్నాక నేను మళ్ళీ చెంప ఆనించాను. రమ పెట్టిన టీ మీద మీగడ కట్టేదాకా అలాగే ఉన్నాను. ఏమీ గుచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు కునుకు పట్టింది.

మర్నాడు నాకు పరీక్ష బ్యాచ్ ఉండి తొట్లెకు, అంటే ఆ ఉయ్యాల వేడుకకు, వెళ్ళలేకపోయాను. తర్వాత కలిసినప్పుడు "ఎత్తుకున్నావా?" అని అడిగితే, "ఆ, ఎత్తుకున్న సార్" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. కానీ మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. "గా పని బంద్. మల్ల చేతులు ఖరాబ్ చేసుకోను" అని మా కాంప్లెక్సులోనే లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. సాయంత్రాలు ఆ పిల్ల ఆయన ఒళ్ళోనే ఉండేది. చేతులు ముందుకొచ్చేసరికి కలెక్టర్ సాబ్ అనే పేరు పోయింది. తర్వాత మేం ఇల్లు మారాం, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది, ఫోన్లు పండగలకు మాత్రమే మిగిలాయి.

కిందటి నెల ఆయన నంబరు నుంచి ఫోన్. ఎత్తితే ఆడగొంతు. "సార్, నాయిన పోయిండు." పదకొండో రోజుకు నేనూ రమా యూసుఫ్‌గూడ వెళ్ళాం. మా అత్తగారు లేరు, ఉంటే ఆవిడే ముందు బయల్దేరేవారు. ఫోటో ముందు ఆయనకిష్టమైనవి పెట్టారు. చాయ్ గ్లాసు, టార్చి, ప్లాస్టరు చుట్ట. పక్కన మడిచిన తెల్ల చొక్కా.

"గీ అంగీ మీదేనంట గద సార్" అంది ఆయన కూతురు. నలభై దాటిన మనిషి. వెనకాల నిలబడ్డ పొడుగాటి అమ్మాయి ఆనాటి పసిపిల్లట. "తొట్లె దినం ఏమైందో నాయిన మీకు చెప్పిండా?"

లేదన్నాను.

"బిడ్డను తొట్లెల ఎయ్యమని నాయిన చేతికిచ్చినం సార్. ఎత్తుకున్నడు. ఇగ దించలే. ఆడోళ్ళందరు పాటందుకున్నరు, ఆయిన దించలే. ఉత్త తొట్లెను ఊపుకుంట పాడిన్రు. ఒక పాటైంది, రెండైనయి. నాయినా, ఇగ చాలు, పండవెట్టు అని నేనే దగ్గరికి పోయిన. బిడ్డను ఒక చేతికి మార్చుకున్నడు. ఇంకో చెయ్యి చాపి, నువ్వు సుత రా అన్నడు."

రమ మెల్లగా "వెళ్ళావా?" అని అడిగింది.

"పోకుండ ఎట్లుంట అమ్మా? ఇర్వై రెండేండ్లు గా చెయ్యి దిక్కే చూసిన."